ఏందికీ ఏంటికీ మధ్య

నాకు ముప్పై ఏడేళ్లు. తెరమీద మాత్రం ఎప్పుడూ ఎనిమిది దాటలేదు. పద్నాలుగేళ్లుగా ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో చిన్నపిల్లలకు గొంతు ఇస్తున్నాను. తిరణాలలో తప్పిపోయే పిల్లలు, విలన్ కారు వెనక సీట్లో ఏడ్చే పిల్లలు, హీరో బుగ్గ గిల్లి "అంకుల్, నువ్వు మా డాడీవా?" అని అడిగే పిల్లలు, వీళ్లలో చాలామంది నేనే. టైటిల్స్‌లో నా పేరు రాదు. వచ్చినా అప్పటికి జనం బండి తాళాలు వెతుక్కుంటూ ఉంటారు.

ఈ విద్యలో నాకు గురువు మా అబ్బాయి సృజన్. వాడికి ఏడేళ్లు. ముద్ద బుగ్గలో దాచుకుని తినేశానని ఎలా అబద్ధమాడతాడో, జలుబు చేస్తే వాడి 'అమ్మ' ఎలా 'అబ్బ' అవుతుందో అన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను. రోజుకు రెండు మూడైనా ఉంటాయి. తారీఖు, టైము ఫోనే వేసుకుంటుంది. మర్నాడు థియేటర్లో మైకు ముందు నిలబడి ఆ గొంతు దించేస్తాను. కన్నకొడుకు దగ్గర దొంగతనం అంటారా, అనండి. వాడి స్కూలు ఫీజు అందులోంచే వెళ్తుంది.

మేం మధురానగర్‌లో ఉంటాం. నాది తెనాలి. మా ఆయన పృథ్వీరాజ్‌ది షేక్‌పేట, షూటింగులకు జనరేటర్ వ్యాను నడుపుతాడు. మా అత్తయ్య మల్లమ్మగారు మాతోనే ఉంటుంది. అంటే మా ఇంట్లో తెలుగులు రెండు. సృజన్ వాళ్ల నాయనమ్మ వైపు తిరిగితే "ఏందే", నా వైపు తిరిగితే "ఏంటి". ఒకే ఊపిరిలో మెడ అటు తిప్పి ఒకటి, ఇటు తిప్పి ఒకటి. ఎవరూ నేర్పలేదు. మాటలు వచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు పనిగట్టుకుని వాణ్ని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టి మాట్లాడించి నవ్వుకునేవాళ్లు.

మొన్న ఆషాఢంలో వాడికి దగ్గు పట్టుకుంది. వాడి క్లాసులో సగం మంది దగ్గుతున్నారు. బుధవారం జ్వరం నూట మూడు దాటింది. సిగ్గులేనిదాన్ని, అప్పుడు కూడా రికార్డు చేశాను. జ్వరంలో పిల్లల మాట చివర ఒక చిన్న మూలుగు ఉంటుంది, అది నాకు ఎంత ప్రయత్నించినా రాదు. గురువారం శ్రీనగర్ కాలనీలో పిల్లల డాక్టరుకు చూపించాం. ఛాతీకి స్టెతస్కోపు పెట్టి విని, ఊపిరితిత్తుల్లోకి దిగింది, మామూలు మందుకు లొంగే రకం కాదు అని క్లారిథ్రోమైసిన్ సిరప్ రాశారు. పొద్దునొకటి, సాయంత్రమొకటి. గురువారం సాయంత్రం ఏడింటికి మొదటిసారి తాగించాను. శుక్రవారం మధ్యాహ్నానికి జ్వరం చేత్తో తీసేసినట్టు పోయింది. ఆ డాక్టరుగారికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

శుక్రవారం సాయంత్రం వాడు సోఫాలో మఠం వేసుకుని కూర్చుని గలగలా మొదలుపెట్టాడు.

"ఏంది అమ్మా, గీ ఫ్యాను నన్నెందుకు తిడ్తుంది?"

నేను నవ్వాను. వాడూ నవ్వాడు. వెంటనే వాళ్ల నాయనమ్మ వైపు తిరిగాడు. "ఏంటి నాయనమ్మా, నీ చీర మీద రైలు వెళ్తోంది చూడు. దిగమను, దిగమను వాళ్లని."

"ఏందిర, నాతోని మీ అమ్మ లెక్క మాట్లాడుతున్నవ్?" అని మా అత్తయ్య పగలబడి నవ్వింది. "జరం పోంగనే షురూ జేసిండు. అమ్మ బుద్ధులు యాడికి పోతయ్!"

ఆగకుండా మాట్లాడుతున్నాడు. మాట మీద మాట, మధ్యలో నవ్వు, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో తెలియడం లేదు. పద్నాలుగేళ్లలో అలాంటి గొంతు నేను వినలేదు. తల్లినై ఉండి నేను చేసిన పని ఏమిటంటే, వాడు నోరు తెరవగానే ఫోన్ తీసి నాలుగు నిమిషాలు రికార్డు చేసుకోవడం.

మర్నాడు శనివారం ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్. సినిమాలో ఒక అల్లరి పిల్లాడు హీరోయిన్ బుర్ర తినేసే సీను. నిన్నటి గొంతు దించాను. ఊపిరి లేకుండా మాట మీద మాట, మధ్యలో ఆ నవ్వు. ఒకే టేకు. అద్దం అవతల డబ్బింగ్ ఇన్‌ఛార్జి ఆదినారాయణగారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు.

"అదిరిందమ్మా ప్రణతీ! ఎక్కడ పట్టావ్ ఇది?"

"మావాడండీ," అన్నాను గర్వంగా. కాకిపిల్ల కాకికి ముద్దు.

అప్పుడే ఫోన్ మోగింది. మా అత్తయ్య. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"పిల్లా, జెల్ది రా. పోరడు నా పక్కల రాత్రంత పండుకోలే, నీకు జెప్పలే నేను, పనికి పోతవని. ఇప్పుడు గోడ మీద చీమలున్నయని గోకుతుండు. గోర్లకెళ్లి రక్తమొస్తుంది. నన్ను జూసి ఎవరు నువ్వు అంటుండు ప్రణతీ. నన్ను!"

జూబ్లీహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం. జ్వరం తగ్గాక పిల్లాడు ఇలా మాట్లాడుతున్నాడనగానే వాళ్లు మెదడు వాపేమో అన్నారు. తలకు స్కానింగ్ తీశారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. వాడు నా చెయ్యి పట్టుకోలేదు. పైకప్పులోకి చూసి ఎవరితోనో బేరాలాడుతూ, ఉన్నట్టుండి కిలకిలా నవ్వుతూ ఉన్నాడు. ఆ నవ్వు ఇందాక నేను థియేటర్లో అమ్ముకున్న నవ్వే. తల గోడకు కొట్టుకుందామనిపించింది.

ఆదివారం రాజమండ్రి షూటింగ్ నుంచి పృథ్వీ వచ్చేశాడు. రిపోర్టులూ వచ్చాయి. మెదడు వాపు కాదు. స్కానింగ్ శుభ్రంగా ఉంది. దేవుడా అనుకునేలోపే డ్యూటీ డాక్టరు వరప్రసాద్ ఇంకో మాట చెప్పాడు. కుర్రాడు, మర్యాదస్తుడు, మూడు రోజులుగా నిద్ర లేనట్టున్నాడు.

"ఎక్కువ జ్వరం తర్వాత కొంతమంది పిల్లలు ఇలా కలవరిస్తారండీ. అది కాకపోతే మానసికంగా ఏమైనా ఉందేమో చూడాలి. రేపు సైకియాట్రిస్టుని పిలుస్తాం. ఇంట్లో ఏమైనా టెన్షన్స్ ఉన్నాయా? మీ ఫ్యామిలీలో ఎవరికైనా ఇలా..."

"మా ఇంట్ల ఎవరికి లేదు సారూ," అంది మా అత్తయ్య. తర్వాత కారిడార్‌లో నన్ను పట్టుకుంది. "నేనెన్నిసార్లు జెప్పిన నీకు? దినాం పిలగాళ్ల లెక్క ఏడ్చుడు, పిలగాళ్ల లెక్క నవ్వుడు. ఎవరివో గొంతులు తెచ్చి ఇంట్ల వెడితివి. గవే వట్టినయ్ పోరనికి."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. నాకూ అదే అనుమానం అప్పటికే మొదలైంది మరి. వాడు నన్ను చూసి నేర్చుకున్నాడా, వాణ్ని చూసి నేను నేర్చుకున్నానా, ఎవరి గొంతు ఎవరికి అంటుకుంది?

ఆ మధ్యాహ్నం వార్డులో వాడి మంచం పక్కన కూర్చుని చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ఏడవడానికే. నా కొడుకు అసలు గొంతు ఒక్కసారి వినాలనిపించింది. బుధవారం రికార్డింగ్ పెట్టాను. నూట మూడు జ్వరం. "ఏందే నాయనమ్మా, దుప్పటి తియ్యి... ఏంటమ్మా, మళ్లీ రికార్డా?" చివర ఆ చిన్న మూలుగు. నీరసంగా ఉన్నా ప్రతి అక్షరం వాడిదే.

శుక్రవారానిది పెట్టాను. "ఏంది అమ్మా... ఏంటి నాయనమ్మా..."

ఆపాను. మళ్లీ బుధవారం. మళ్లీ శుక్రవారం. అలా ఎన్నిసార్లు విన్నానో తెలియదు. ఒళ్లు కాలిపోతున్నప్పుడు కూడా వాడికి ఎవరితో ఏ మాట మాట్లాడాలో తెలుసు. జ్వరం పూర్తిగా పోయాక తెలియలేదు. మరి వీళ్లు జ్వరం వల్ల అంటారేమిటి? గురువారం పొద్దుటి రికార్డింగ్ విన్నాను. బాగానే ఉంది. గురువారం పొద్దుటికీ శుక్రవారం సాయంత్రానికీ మధ్య మా ఇంట్లోకి కొత్తగా వచ్చింది ఒక్కటే. ఆ సిరప్ సీసా. ఇక్కడ ఆసుపత్రిలో కూడా పూటపూటకీ వాడి నోట్లో పోస్తున్నారు, ఛాతీలో ఇంకా గురగుర ఉందని.

పృథ్వీకి చెప్పాను.

"డాక్టర్లకు జెప్పేటంతటోళ్లమా ప్రణతీ? మందు ఆపితే ఛాతీల ఏమన్న అయితే?"

పృథ్వీ భయం తప్పు కాదు. ఆ పూట నేనూ నోరెత్తలేకపోయాను. అది ఇప్పటికీ నా గుండెల్లో ముల్లు. ఆదివారం సాయంత్రం మోతాదు నా కళ్ల ముందే సృజన్ గొంతు దిగింది.

సోమవారం పొద్దున నర్సు భూలక్ష్మి చిన్న ప్లాస్టిక్ కప్పులో సిరప్ పోసుకుని వచ్చింది. సృజన్ చేతులకు గుడ్డలు చుట్టారు, గోకకుండా. నేను లేచి కప్పు మీద అరచెయ్యి మూతపెట్టాను.

"ఆగండి," అన్నాను.

"ఏమైందక్కా? టైమ్ అయింది."

"తెలుసమ్మా. పెద్ద డాక్టరుగారు వచ్చి విన్నాక ఇవ్వండి."

ఆవిడ వరప్రసాద్‌ని పిలుచుకొచ్చింది. ఆయన ముఖంలో విసుగు దాచుకుందామని ప్రయత్నించాడు, కుదరలేదు. "మేడమ్, డోసు మధ్యలో ఆపకూడదు. గూగుల్‌లో ఏం చదివారు?"

"చదవలేదండీ. విన్నాను."

"ఏం విన్నారు?"

హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. విన్నాడు. ఆయనది కాకినాడ వైపు. రెండూ విని, "రెండింట్లోనూ బాబు మాట్లాడుతున్నాడు కదండీ," అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అంతలో పృథ్వీ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కప్పు మీద ఉన్న నా చేతి మీద తన చెయ్యి పెట్టాడు. ఇప్పుడు ఆ కప్పు మీద రెండు చేతులున్నాయి. భూలక్ష్మి వరప్రసాద్ వంక చూసింది, వరప్రసాద్ మా వంక చూశాడు, చూసి ఫోన్ తీశాడు.

పెద్ద డాక్టరు రఘునందన్‌గారు పదకొండింటికి వచ్చారు. అరవై దాటిన మనిషి, సిద్దిపేట ఆయనది. కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లజోడు తీసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. మొదట బుధవారానిది. ఆయన పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది.

"మంచిగ మాట్లాడుతుండు. నాయనమ్మ మా దిక్కు, అమ్మ మీ దిక్కు. అంతేనా?"

"అంతేనండీ."

"ఎప్పుడన్న ఉల్టా మాట్లాడిండా?"

"పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేదండీ."

శుక్రవారానిది విన్నారు. నవ్వు పోయింది. మొత్తం నాలుగు నిమిషాలూ విన్నారు. హెడ్‌ఫోన్స్ తీసి, ఫోన్‌లో టైము చూసి, ఫైలు తెప్పించుకుని మందుల కాగితం మీద వేలు పెట్టి కిందికి దిగారు.

"మొదటి డోసు ఎప్పుడు వడ్డది?"

"గురువారం సాయంత్రం ఏడింటికి."

ఆయన వరప్రసాద్ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పారు. ఆ కుర్రాడి ముఖం పాలిపోయింది. తర్వాత నాతో నింపాదిగా చెప్పారు. "చూడమ్మా, ఇది చెడ్డ మందు కాదు. ఆ దగ్గుకు సరైన మందే రాసిండ్రు, ఎవరిది తప్పు లేదు. లక్షణంగ తాగి బాగైన పిల్లలు బొచ్చెడుమంది. కానీ ఎక్కడో ఒక పిల్లగానికి మెదడు మీద గిట్ల పని చేస్తది. నా సర్వీసుల ఇది రెండోది. ఇదే అని నేనిప్పుడు ఒట్టు వెయ్యలేను. ఆపి, ఛాతీకి వేరే మందు పెడతం. ఆపినంక తగ్గితే ఇదే. రెండు మూడు రోజులు వట్టొచ్చు. ఓపిక వట్టాలె."

"తగ్గకపోతే?"

"తగ్గకుంటె అప్పుడు ఇంకోటి ఆలోచన జేద్దం. నేనున్న గద."

భూలక్ష్మి ఆ కప్పును సింకులో ఒంపేసింది. కుళాయి తిప్పిన చప్పుడు విన్నాను. అంత మంచి చప్పుడు నేను జన్మలో వినలేదు.

మంగళవారం చీమలు పోలేదు. రైలు కూడా వచ్చింది. మా అత్తయ్య షేక్‌పేట పోచమ్మకు బోనం మొక్కుకుని వచ్చి వాడికి దిష్టి తీసింది. నేను అడ్డు చెప్పలేదు. ఆవిడ మంచం అటు పక్క, నేను ఇటు పక్క కూర్చున్నాం. సాయంత్రానికి వాడు నిద్రపోయాడు. నాలుగు రోజుల తర్వాత మొదటి నిద్ర. ఊపిరి విన్నాను. పొడుగ్గా, నిండుగా, మధ్యలో ఎక్కడా తెగకుండా ఉంది. ఊపిరి సంగతి నాకు తెలుసు. నా నోట్లోంచి మాత్రం తగ్గుతోందన్న మాట రానివ్వలేదు, కళ్లు పడతాయని.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి వాడు లేచి కూర్చున్నాడు. మా అత్తయ్య ఇడ్లీ తుంచి నోటి దగ్గర పెట్టింది. వాడు దాని వంక చూశాడు.

"ఏందే నాయనమ్మా, గిది ఇడ్లీనా, రాయా?"

మా అత్తయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వాడు మెల్లగా మెడ తిప్పి నా వైపు చూశాడు. ముఖం చిట్లించాడు.

"ఏంటమ్మా, అలా చూస్తావేంటి?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "సరిగ్గనే అన్నడు," అంది ఆవిడ నెమ్మదిగా. "నాకు ఏంది అన్నడు. నీకు ఏంటి అన్నడు. సరిగ్గనే అన్నడు పిల్లా!" ఇడ్లీ చేత్తోనే నన్ను వాటేసుకుంది. పెళ్లయిన పదేళ్లలో అదే మొదటిసారి. నా జాకెట్టు నిండా చట్నీ. నేను పెద్దగా, సిగ్గు లేకుండా, నా సొంత గొంతుతో ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను. కారిడార్‌లోంచి పృథ్వీ పరుగెత్తుకొచ్చి, ఏం జరిగిందో అర్థం కాక, ముందు జాగ్రత్తగా తనూ ఏడ్చాడు. భూలక్ష్మి వెళ్లి వరప్రసాద్‌ని పిలుచుకొచ్చింది. ఆయన సృజన్‌ని పేరడిగాడు, వారమడిగాడు, లెక్కలడిగాడు. వాడన్నీ చెప్పి, "మీకు నిద్ర రావట్లేదా డాక్టర్?" అని అడిగాడు. ఆయన నా వైపు తిరిగి, "సారీ మేడమ్, నాకు ఆ తేడా వినపడలేదు," అన్నాడు. అంత తేలిగ్గా ఆ మాట అనగలిగినవాడు మంచి డాక్టరు అవుతాడు.

తర్వాత మా ఇంట్లో గెలుపు ఎవరిదన్నది తేలలేదు. అమ్మవారే నా చెవిలో చెప్పిందని మా అత్తయ్య వాదన. అయితే అయ్యుండొచ్చు. ఆ ఆదివారం నెత్తిన బోనం ఎత్తుకుని షేక్‌పేటలో ఆవిడ నడుస్తుంటే వెనక డప్పులకు నేనూ నాలుగు అడుగులేశాను. తెనాలి పిల్ల డప్పుకు అడుగేయడం చూసి చుట్టాలంతా ఫోన్లు తీశారు. తీసుకోనీ అనుకున్నాను.

సోమవారం ఆదినారాయణగారి దగ్గరికి వెళ్లాను. ఆ శనివారం చెప్పిన సీను తీసేయమన్నాను.

"పిచ్చా అమ్మా నీకు? డైరెక్టరు పదిసార్లు వేయించుకుని విన్నాడు!"

సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ముఖం తుడుచుకుని, "పద మైకు దగ్గరికి," అన్నారు. ఈసారి ఏడు టేకులు పట్టింది. ఎక్కడా దించలేదు, మొత్తం నేనే కట్టాను. మొదటిదానికన్నా బాగా వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు గానీ, పాతది చెరిపేశారు.

శ్రావణం మొదట్లో రఘునందన్‌గారు ఫోన్ చేశారు. కొత్తగా చేరిన పిల్లల డాక్టర్లకు క్లాసు పెడుతున్నారట. ఆ రెండు రికార్డింగులు వినిపించుకోవచ్చా అని అడిగారు. నేను సరేననబోతుంటే సృజన్ ఫోన్ లాక్కున్నాడు. "అది నా గొంతు కదా. నన్ను అడగాలి," అన్నాడు. ఆయన వాణ్నే అడిగారు. తనూ వస్తానంటేనే ఒప్పుకుంటానన్నాడు.

అలా వెళ్లాం నలుగురం. హాల్లో నలభై మంది దాకా కుర్ర డాక్టర్లు. వరప్రసాద్ మొదటి వరసలో ఉన్నాడు. స్పీకర్లో బుధవారం వినిపించారు, శుక్రవారం వినిపించారు. ఆ నాలుగు నిమిషాల్లో నేను నవ్వడం, మా అత్తయ్య నవ్వడం కూడా ఉంది. తల దించుకున్నాను. అయిపోయాక వెనక నుంచి ఒకమ్మాయి లేచి నన్ను అడిగింది. "మేడమ్, అప్పుడు బాబుకి ఎలా అనిపించి ఉంటుందంటారు?"

నేను గొంతు సవరించుకున్నాను. సృజన్ కుర్చీ దిగి వెళ్లి డాక్టరుగారి చేతిలో మైకు అందుకున్నాడు.

"మా అమ్మకు తెలీదండీ. ఫ్యాను నిజంగానే తిట్టింది. నాకు భయమేసి నవ్వాను. నేను నవ్వుతున్నానని అందరూ నవ్వారు."

నా పక్కన మా అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మందు పేరు గుర్తుందా బిడ్డా?" అని అడిగారు రఘునందన్‌గారు.

వాడు మైకు నోటికి కొంచెం దూరంగా పెట్టుకున్నాడు. "క్లారిథ్రోమైసిన్," అన్నాడు. ఒక్క అక్షరం తడబడలేదు. "అది వేరేవాళ్లకి మంచిదే. నాకు పడదు." ఎవరూ పెన్ను తీయకపోవడం చూసి, చెయ్యి నడుం మీద పెట్టుకున్నాడు. "రాసుకోండి."

నలభై మంది డాక్టర్లు తలలు వంచి రాసుకున్నారు.